సీప్లేన్ లగూన్‌లో సెల్ఫీ, మా ఊరి శిఖంలో ప్లాటు

పోయిన ఎండాకాలం ఒక శనివారం నాటి సంగతి. హైదరాబాద్ నుంచి ఆఫీసు పని మీద వచ్చిన దోస్తును తీసుకుని అలమీడా వెళ్ళాను. ఓక్లాండ్‌ను ఆనుకుని ఉండే చిన్న దీవి అది. మా ఫ్రీమాంట్ నుంచి ట్రాఫిక్ లేకపోతే ముప్పావు గంట. అక్కడ 'సీప్లేన్ లగూన్' అనే చోట ఫెర్రీ ఎక్కితే ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగొచ్చు. పార్కింగ్ గొడవ లేదు, బ్రిడ్జి టోల్ లేదు.

మావాడు ఆ నీళ్ళ ఒడ్డున నిలబడి నాలుగు సెల్ఫీలు దిగాడు. దిగి, "ఏమన్నా ఉందా భాయ్! మన దగ్గర ఇసొంటి వాటర్‌ఫ్రంట్ ఎప్పుడొస్తదో. మనోళ్ళకు డెవలప్‌మెంట్ అంటేనే తెల్వదు" అన్నాడు. నేనూ తలూపాను. మనందరం అలవాటుగా ఊపుతామే, అలా.

అదే రోజు రాత్రి మెట్‌పల్లి నుంచి మా బావ వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. వెనకాలే ఫోను.

"బామ్మర్దీ, జల్ది జెప్పు. చెరువు పక్కకే వెంచర్ పడ్డది. లేక్ వ్యూ. హైవేకు దగ్గర. దుబాయోళ్ళు, అమెరికోళ్ళు ఎగవడి కొంటున్నరు. నీకోసం రెండు ప్లాట్లు ఆపి పెట్టిన."

ఫొటో పెద్దది చేసి చూశాను. సున్నం కొట్టిన హద్దురాళ్ళు వరుసగా పాతి ఉన్నాయి. నా చిన్నప్పుడు వానాకాలంలో ఆ చోట మోకాళ్ళ లోతు నీళ్ళుండేవి. నీళ్ళు తగ్గినంక బర్రెలు మేసేవి.

"బావా, అది శిఖం కాదా?" అని అడిగాను.

"ఒకప్పుడు శిఖమే తియ్యి. ఇప్పుడు నీళ్ళెక్కడున్నయ్? ఎవలు జూస్తున్నరు?"

శిఖం అంటే తెలియని కోస్తా మిత్రుల కోసం: చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చి నిలుస్తాయో ఆ నేల అంతా శిఖమే. ఏడాదిలో కొన్ని నెలలు పొడిగా కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన అది చెరువు కాకుండా పోదు.

పొద్దున చూసిన లగూన్, రాత్రి చూసిన హద్దురాళ్ళు రెండూ కలిసి నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఈ టపా. కాస్త ఘాటుగానే ఉంటుంది. ప్రభుత్వాన్ని తిడతానని ఎదురుచూసేవాళ్ళకు నిరాశే. ఈసారి వంతు మనది.

సరే, ముందు ఆ లగూన్ కథ చూద్దాం.

అలమీడా పడమటి కొన ఒకప్పుడు బురద నేల, తుంగ మొలిచే చిత్తడి. దాన్ని మట్టితో పూడ్చి విమానాశ్రయం కట్టారు. 1935 నవంబర్ 22న పాన్ అమెరికన్ కంపెనీ వారి 'చైనా క్లిప్పర్' అక్కడి నీళ్ళ మీది నుంచే లేచి, ఉత్తరాల సంచులతో పసిఫిక్ దాటి మనీలా చేరింది. 1936లో అలమీడా నగరం ఆ భూమిని ఒక్క డాలరుకు కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చేసింది. ఇంకా పూడ్చి, 1940 నవంబర్‌లో నేవీ అక్కడ ఎయిర్ స్టేషన్ తెరిచింది. ఇప్పుడు మనం ఫెర్రీ ఎక్కే లగూన్ ఆ నేవీ సీప్లేన్ల కోసం చేసిందే. నీళ్ళ మీద దిగిన విమానాన్ని కాంక్రీటు వాలు మీదుగా పైకి లాగి హ్యాంగర్లలో పెట్టేవారు. క్యాటలీనాలు, ఆ తర్వాత మార్టిన్ మార్స్ లాంటి భారీ విమానాలు అక్కడ తిరిగాయి.

మనకు సంబంధించిన ముచ్చట ఒకటి చెప్తాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే 'హార్నెట్' అనే యుద్ధనౌక 16 బాంబర్లతో పసిఫిక్ మీద ప్రయాణంలో ఉంది. ఏప్రిల్ 18న టోక్యో మీద దాడి చేసిన డూలిటిల్ దళం అదే. ఆ విమానాలను ఓడకెక్కించింది అలమీడాలోనే. మనం ఐస్‌క్రీమ్ తింటూ నడిచే ఒడ్డుకు ఇంత చరిత్ర ఉంది.

1993లో కేంద్రం ఆ బేస్‌ను మూసేయాలని నిర్ణయించింది. 1997 ఏప్రిల్‌లో మూతపడింది. మనవాళ్ళలో చాలామందికి ఆ చోటు తెలియకుండానే తెలుసు. 2003లో వచ్చిన 'మ్యాట్రిక్స్ రీలోడెడ్'లో ఆ ఫ్రీవే ఛేజింగ్ ఉంది చూశారూ, ఆ ఫ్రీవే మొత్తం సెట్. ఆ పాత రన్‌వే మీదే వేశారు :)

ఇక నేవీ పోతూ పోతూ ఏం వదిలి పోయింది? విషం. దశాబ్దాల పాటు వర్క్‌షాపుల మురుగు నేరుగా లగూన్‌లోకి పోయింది. పీసీబీలు, కాడ్మియం, సీసం. విమానాల డయళ్ళు చీకట్లో మెరవడానికి పూసిన రంగులోని రేడియం కూడా. 1999లో ఆ స్థలాన్ని దేశంలోని అత్యంత కలుషిత స్థలాల జాబితాలో, అంటే సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చారు. లగూన్ మూలల్లోని బురదను తవ్వి తీసి, ఆరబెట్టి, వేరే చోటికి తరలించాల్సి వచ్చింది. తవ్వించాల్సిన బాధ్యత ఎవరిది? పాడుచేసిన నేవీది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి.

శాన్‌ఫ్రాన్సిస్కో ఎదురుగా నీళ్ళ ఒడ్డున వందల ఎకరాల ఖాళీ నేల. మన భాషలో చెప్పాలంటే బంగారు బాతు. రియల్ ఎస్టేట్ వాళ్ళు ఊరుకుంటారా? ఊరుకోలేదు. ఒక పెద్ద కంపెనీ వేల ఇళ్ళ ప్లాను వేసి, నిబంధనలన్నీ తనకు అనుకూలంగా తానే రాసుకుని, 2010 ఫిబ్రవరిలో జనం ఓటుకు పెట్టింది. నూటికి 85 మంది వద్దన్నారు. అదే ఏడాది నగరం ఆ కంపెనీతో చర్చలు తెగ్గొట్టింది. 2013లో నేవీ దాదాపు 1,400 ఎకరాలు (నీళ్ళ కింది నేలతో కలిపి) డబ్బు తీసుకోకుండా నగరానికి అప్పగించింది. 2015లో 68 ఎకరాల్లో 800 ఇళ్ళకు అనుమతిచ్చారు. అందులో 200 తక్కువ ఆదాయం వారికి ఇవ్వాలని షరతు. 2021 జులై 1న ఫెర్రీ టెర్మినల్ తెరిచారు. బేస్ మూసిన 24 ఏళ్ళకు!

మా దోస్తు సెల్ఫీలో పడింది ఈ చివరి ముక్క మాత్రమే. రెయిలింగు, బెంచీలు, తెల్ల ఫెర్రీ. దాని వెనకాల ఉన్న అసలు విషయం సెల్ఫీలో పడదు. ఆ ఒడ్డును అమ్మడానికి వీల్లేదు.

కాలిఫోర్నియాలో ఆటుపోట్లు తాకే నేల ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గర ఉన్న ఆస్తి. ప్రభుత్వం ట్రస్టీ మాత్రమే. పూడ్చినా ఆ హక్కు మాయం కాదు. అలమీడా బేస్ కోసం 2000లో ప్రత్యేకంగా రాష్ట్ర చట్టం చేసి, లోపలి భూముల్లో ఇళ్ళు కట్టుకోనిచ్చి, దానికి బదులు ఒడ్డు వెంబడి నేలను ఆ ట్రస్టు కింద పెట్టారు. దాని పైన ఇంకో కాపలా ఉంది. బే కన్జర్వేషన్ కమిషన్ అని 1965లో పుట్టింది. నీళ్ళ అంచు నుంచి 100 అడుగుల లోపు ఏం కట్టాలన్నా దాని అనుమతి కావాలి. జనం ఒడ్డుకు వచ్చే దారి వీలైనంత ఎక్కువగా వదలాలి.

ఆ కమిషన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1959లో సైన్యం ఇంజనీర్లు ఒక మ్యాప్ గీశారు. ఇలాగే పూడ్చుకుంటూ పోతే 2020 నాటికి బే కాస్తా నది అంత సన్నగా మిగులుతుందని. అది చూసి 1961లో బర్క్‌లీలో ముగ్గురు ఆడవాళ్ళు, కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్, ఇంట్లో కూర్చుని ఉద్యమం మొదలుపెట్టారు. సభ్యత్వ రుసుము ఒక్క డాలరు. నాలుగేళ్ళలో చట్టం తెప్పించారు. వాళ్ళు లేకపోతే ఇవాళ మనం సెల్ఫీ దిగడానికి ఒడ్డే ఉండేది కాదు.

ఆ పట్టుదల ఇంకా చావలేదు. లగూన్ దగ్గర ఒక పాడుబడ్డ రేవు మీద సీల్ జంతువులు ఎండ కాచుకునేవి. ఫెర్రీల మరమ్మతు కేంద్రం కట్టాలంటే ఆ రేవు తీసేయాలి. స్థానికులు గొడవ చేశారు. 2016లో ఫెర్రీ సంస్థ ఆ సీల్స్ కోసమే కాంక్రీటు తెప్ప ఒకటి చేయించి నీళ్ళలో పెట్టింది. పాత రన్‌వే మీద గుడ్లు పెట్టే చిన్న టెర్న్ పక్షుల కోసం వందల ఎకరాలు కట్టడాలు లేకుండా వదిలేశారు. ఇప్పుడు లగూన్ పడమటి ఒడ్డున 'డీ-పేవ్ పార్క్' అని ఇంకో ప్లాను ఉంది. పేరులోనే ఉంది చూడండి. నేవీ వేసిన కాంక్రీటును పగలగొట్టి తీసేసి, మళ్ళీ చిత్తడి నేల చేస్తారట. సముద్రమట్టం పెరిగినప్పుడు నీళ్ళకు చోటు కావాలి కదా.

అంటే ఎనభై ఏళ్ళ కింద పూడ్చి, కాంక్రీటు పోసి, ఇప్పుడు డబ్బులు పెట్టి మరీ పగలగొట్టబోతున్నారు. వాళ్ళు తప్పని తెలుసుకుని తీసేస్తున్నదాన్నే మనం 'డెవలప్‌మెంట్' అని పోసుకుంటున్నాం.

అలమీడా స్వర్గమని నేను చెప్పడం లేదు. అక్కడ కొత్త ఇళ్ళ ధరలు వింటే మన సీనియర్ ఆర్కిటెక్టులు కూడా నీళ్ళు తాగాలి. శుభ్రం చేయడానికి పట్టిన కాలం ఒక తరం. అసలు ఆ బేస్ పుట్టిందే చిత్తడిని చంపి. అయినా ఆ ఒడ్డున ఎవరైనా నడవొచ్చు. ఫ్రీమాంట్ నుంచి వచ్చిన మెట్‌పల్లి వాడు కూడా. గేటు లేదు, వాచ్‌మన్ లేడు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం.

"మన దగ్గర చట్టాల్లేవు బాస్" అనేవాళ్ళ కోసం. ప్రజల తరఫున ట్రస్టీ అనే సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లోనే ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసులో మన చట్టంలో భాగమని చెప్పింది. 2006లో అదే సూత్రాన్ని తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల కేసులో చెప్పింది. అచ్చంగా మన తెలుగు చెరువులు! కానీ అప్పటికే కట్టిన ఇళ్ళు నిలిచిపోయాయి. ఇకపై కట్టొద్దన్నారు. కోర్టు చెప్పేసరికి సిమెంటు ఆరిపోయి ఉంటుంది, అదీ మన కథ.

ఇంకో లెక్క చూడండి. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, జీవో 168. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండు మట్టం (అదే, ఎఫ్‌టీఎల్) దాటాక 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. అక్కడ 100 అడుగులు, ఇక్కడ 30 మీటర్లు. రెండూ దాదాపు ఒకటే! నిజానికి మనదే గట్టి నిబంధన. వాళ్ళది అనుమతి తీసుకుని కట్టమంటుంది, మనది కట్టనే వద్దంటుంది.

మరి తేడా ఎక్కడుంది? అలమీడాలో ఓటు పెడితే ఓటేసినవాళ్ళలో 85 శాతం మంది వద్దన్నారు. మన దగ్గర ఓటు లేదు, వేలం ఉంది. ఆ వేలంలో పాడేది ఎవరు? మా ఊరి పసుపు రైతు పాడుతున్నాడా? బీడీలు చుట్టే అక్క పాడుతున్నదా? కాదు. మస్కట్‌లో చెమటోడ్చినవాడు, మాదాపూర్‌లో బోనస్ పడ్డవాడు, డాలర్లు పంపే నేనూ, మీరూ. మనం కొంటామని తెలిసే ఆ హద్దురాళ్ళు పాతారు. వెంచర్ వాడు దొంగే అనుకుందాం. దొంగసొత్తు కొనేవాడిని ఏమంటారు?

చెరువంటే అందం కోసం ఉన్నది కాదు. మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోతాయి. తూము తీస్తే ఆయకట్టుకు పోతాయి. నీళ్ళు నిలిస్తేనే చుట్టుపక్కల బావులు, బోర్లు ఊరుతాయి. శిఖంలో ఇళ్ళు లేపితే ఆ ఇళ్ళను కాపాడడానికి చెరువును నిండనివ్వరు. నిండబోతే రాత్రికి రాత్రి మత్తడికి గండి కొడతారు. అంటే రెండు వందల గజాల ప్లాటు మింగేది రెండు వందల గజాలు కాదు, మొత్తం చెరువును. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేల పైచిలుకు చెరువులు బాగు చేస్తామన్నారు. పూడిక తీసినచోటే మట్టి పోసి ప్లాట్లు వేస్తే, తీసినవాడు వెర్రివాడా, పోసినవాడా?

ఇంకొకటి. బతుకమ్మ. ఇక్కడ మా ఇళ్ళ ఆడవాళ్ళు పార్కులో బతుకమ్మ ఆడి, గాలి కొట్టిన పిల్లల టబ్బులో నిమజ్జనం చేస్తారు. ఏం చేస్తాం, పరాయి దేశం అనుకుంటాం. కానీ ఒడ్డు చుట్టూ ప్రహరీలు లేచినంక మా ఊర్లో అవ్వలు, అక్కలు బతుకమ్మను ఎత్తుకుని చెరువులోకి ఏ దారిన దిగాలి? మున్సిపాలిటీ వాళ్ళు రోడ్డు మీద టబ్బు పెడతారా?

ఇక వినిపించే వాదాలు. ఇవన్నీ మొన్న రాత్రి నాకు నేనే చెప్పుకున్నవి కూడా.

1. "నేనొక్కణ్ణి కొనకపోతే వేరేవాడు కొంటాడు." కొననివ్వండి. టెస్టింగ్ అవ్వని కోడ్‌ను వేరేవాడు ప్రొడక్షన్‌లో పెడతాడని మనమే పెట్టేస్తామా?

2. "పంచాయతీ వాళ్ళు, మున్సిపాలిటీ వాళ్ళు అనుమతిచ్చారు కదా." 2024లో హైదరాబాద్‌లో హైడ్రా వచ్చాక అందరూ చెప్పిన మాట ఇదే. చేతిలో కాగితం ఉండొచ్చు. చెరువుకు మన కాగితం చదవడం రాదు, వాన పడితే తన చోటికి తను వస్తుంది.

3. "మరి పెద్దోళ్ళవి ముట్టుకోరు, మనలాంటోళ్ళవే కూలుస్తారు." ఈ కోపంలో న్యాయం ఉంది, ఒప్పుకుంటా. పేదవాడు తెలియక కొంటే వాడిది కడుపుకోత. కానీ ఎక్సెల్ షీట్‌లో ముప్పై ఏళ్ళ ఈఎంఐ లెక్క వేసే మనకు తెలియక అనే సాకు లేదు.

4. "అమెరికాతో పోలికేంటి, వాళ్ళకు డబ్బుంది." డబ్బుంది కాబట్టే పూడ్చి, పాడుచేసి, మళ్ళీ బాగు చేసుకోగలుగుతున్నారు. మనకు అంత లేదు కాబట్టే పాడుచేసుకునే స్తోమత కూడా లేదు.

మనకూ వాటర్‌ఫ్రంట్ మోజు తక్కువేం లేదు. కరీంనగర్‌లో మానేరు రివర్ ఫ్రంట్ అన్నారు, 2023లో తీగల వంతెన తెరిచారు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరించి చూపించారు. సంతోషమే, నేనూ వీడియో రెండుసార్లు చూశా. కానీ సీప్లేన్ దిగాలంటే కింద నీళ్ళుండాలి. తీగలు, లైట్లు, రెయిలింగులు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఒకసారి పోయిన ఒడ్డును మళ్ళీ తేవడానికి ఎంతవుతుందో అలమీడా వాళ్ళనడగండి.

ఉపన్యాసం చాలు, పని చెప్పు అంటారా? నేను చేస్తున్నవి ఇవి. ఊర్లో ప్లాటు అనగానే సర్వే నంబర్ అడగండి. వెంచర్ బ్రోషర్ పక్కన పెట్టి పాత పహాణీలు, వీలైతే 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించండి. అందులో శిఖం అని ఉంటే ఇంకేం మాట్లాడకండి. గ్రామ నక్షాలో చెరువు ఎక్కడిదాకా ఉందో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో ఆ నంబర్ ఉందేమో చూడండి. జాబితాలో లేదంటే మంచి భూమి అని కాదు, అందులో ఇంకా ఎక్కించలేదేమో కూడా. నీటిపారుదల శాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఎఫ్‌టీఎల్ హద్దులు అడగండి. అన్నిటికన్నా సులువైనది: ఊర్లో ఒక డెబ్బై ఏళ్ళ పెద్దమనిషిని, చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి అని అడగండి. ఆయన వేలెత్తి చూపిస్తాడు. ఏ పోర్టల్‌కూ అంత సూటిగా చెప్పడం రాదు.

మా బావకు మళ్ళీ ఫోన్ చేశాను. వద్దన్నాను. "నీ ఇష్టం. రేపు గజం రేటు డబల్ అయినంక నన్ననకు" అన్నాడు. బాపు పక్కనే ఉన్నట్టున్నాడు, ఫోన్ తీసుకున్నాడు. ఆయనకు లగూన్ సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"మరి గక్కడ ఆ నేవీ వాడు ఖరాబు జేసిండు, వాడే సాఫు జేయించిండు. ఇక్కడ ఖరాబైతే సాఫు జేసేటోడు ఎవడు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఎఫ్‌టీఎల్ హద్దుల కోసం మాత్రం బాపు పేరు మీద దరఖాస్తు రాసి పంపాను. సంతకం పెట్టి ఇచ్చొచ్చానని నిన్ననే చెప్పాడు. జవాబు ఏం వస్తుందో ఇక్కడే రాస్తాను. ఈలోపు మీకూ ఏ బావ నుంచైనా 'లేక్ వ్యూ' ఫొటోలు వస్తే, రేటు అడగడానికి ముందు సర్వే నంబర్ అడగండి.